పది మీటర్ల కేబుల్

కేబుల్‌ను తొక్కి పాడుచేసింది దానిత్సా కోల్కె. అందులో నికానోర్ ఆయవీరెకు సందేహం లేదు. ఆడమనిషి దిగితే గని అలుగుతుందని పాతవాళ్ళు అనేవారు. ఆ మాట ఆయన పైకి అనలేదు. లోపల అనుకోకుండా కూడా ఉండలేదు.

సోమవారం పొద్దున పదకొండింటికి జరిగింది. కలామా ఊళ్ళో గనిపని నేర్పే ఆ శిక్షణ కేంద్రంలో పరీక్ష గది ఒకప్పుడు దీపాల గది. గోడలకు కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. నేల మీద పసుపురంగుతో గీసిన దారి, పన్నెండు అడుగుల నడక. ఆరో అడుగు దగ్గర ఎడమకు తిరుగుతుంది. మూలన బల్ల మీద కంప్యూటర్. దాని నుంచి పది మీటర్ల సన్నటి నల్ల కేబుల్ బయలుదేరి, పరీక్షకు నిలబడ్డ మనిషి తలకు కట్టుకున్న వీఆర్ హెడ్‌సెట్ వెనక దూరుతుంది. హెడ్‌సెట్ కళ్ళకు పెట్టుకుంటే ఇంక గది ఉండదు. సొరంగం ఉంటుంది. పొగ ఉంటుంది. పొగలో ఎక్కడో తలదాచుకునే గది తలుపు ఉంటుంది. కుడిచేత్తో గోడ తడుముకుంటూ ఆ తలుపు చేరాలి. ఎడమచేత్తో కేబుల్‌ను భుజం మీదుగా పట్టుకోవాలి, గనిలో టోపీ దీపం తీగను పట్టుకున్నట్టు. కేబుల్ తొక్కితే తప్పినట్టే. పొగలో ఉండగా హెడ్‌సెట్ తీసినా తప్పినట్టే. రెండుసార్లు తప్పినవాళ్ళకు ఆ జట్టులో చోటుండదు.

దానిత్సా అప్పటికే ఒకసారి తప్పింది. మొదటిసారి పొగలో తలుపు దాటి వెళ్ళిపోయింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తొమ్మిదేళ్ళు నడిపిన షేర్ టాక్సీ వదులుకుని లోడరు బండి నేర్చుకోవడానికి వచ్చింది. జట్టులో పద్దెనిమిది మంది, ఆడవాళ్ళు ఇద్దరు. వచ్చే సోమవారం జట్టు గనిలోకి దిగుతుంది. ఆ రోజు దిగినవాళ్ళకే ఉద్యోగం.

ఆరో అడుగు దగ్గర కంప్యూటర్ తెర నల్లబడింది.

"మేస్త్రీ గారూ, చీకటైపోయింది," అంది దానిత్సా.

"పొగ అది. నడువు," అన్నాడు పరీక్ష పరికరాలు చూసుకునే నికానోర్, తెర ముందు నుంచి.

"పొగ కాదండీ. అంతా పోయింది. ఏమీ లేదు."

ఆమె కుడిచేత్తో హెడ్‌సెట్ పైకి ఎత్తింది. గది వెలుతురుకు కళ్ళు చిట్లించింది. మార్కులు వేసే రెనె ఉర్సుయా కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. శిక్షణకు పెద్ద ఆయనే. తలెత్తి, "ఏమైంది?" అన్నాడు.

నికానోర్ లేచి నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమంది. "తొక్కింది," అన్నాడు.

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరున్నారక్కడ?"

"మీరు చూశారా మేస్త్రీ?" ఉర్సుయా అడిగాడు.

"చూశాను."

దానిత్సా తన బూట్ల వంక చూసుకుంది. కేబుల్ బూటుకు జానెడు దూరంలో పడి ఉంది. "ఇదిగో, కేబుల్ ఇంకా నా చేతిలోనే ఉంది. చూడండి సార్," అంది. నిజంగానే ఎడమచేయి భుజం దగ్గరే ఉంది, పిడికిలి బిగించి. ఉర్సుయా ఆ చేతిని చూశాడు. తరవాత కాగితం మీద తప్పినట్టు రాశాడు.

"శుక్రవారం దాకా జాబితా ముగించను. అభ్యంతరం ఉంటే రాసివ్వు."

"ఏమని రాయను? మేస్త్రీకి కళ్ళు కనబడవని రాయనా?"

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డవాళ్ళలో ఫ్రెడీ అనే నవ్వులవాడు ఉన్నాడు. "ఆవిడ తప్పేముందిలే సార్. టాక్సీలో తొమ్మిదేళ్ళు తొక్కీ తొక్కీ కాలికి అలవాటైపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. రెండో ఆడమనిషి కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

దానిత్సా హెడ్‌సెట్‌ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. పట్టీ మడిచి లోపలికి తోసింది. ఎవరి ముఖం చూడకుండా బయటికి వెళ్ళింది.

గది ఖాళీ అయ్యాక నికానోర్ కేబుల్ ఊడదీశాడు. ఎడమ బొటనవేలి సందున ఒక కొస పెట్టుకుని, మోచేతి కిందుగా తిప్పి, మళ్ళీ బొటనవేలికి తెచ్చాడు. ప్రతి చుట్టుకూ గట్టిగా లాగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ గనిపనిలో ఏ తీగనైనా ఆయన అలాగే చుట్టాడు, ఆయనకు నేర్పినవాళ్ళూ అలాగే చుట్టారు. చివర నాలుగు చుట్లు ఆ చుట్ట నడుముకు బిగించి కొక్కేనికి తగిలించాడు. చుట్ట చక్కగా కుదిరింది.

మంగళవారం ఫ్రెడీ వంతు వచ్చింది. మూడో అడుగుకే తెర నల్లబడింది.

"మేస్త్రీ, గనిలో కరెంటు పోయిందండోయ్," అన్నాడు ఫ్రెడీ. అంటూనే హెడ్‌సెట్ తీసేశాడు. పొగలో తీశాడు. ఆ సంగతి ఎవరూ అనలేదు.

నికానోర్ కేబుల్ పీకి మళ్ళీ గుచ్చాడు. బొమ్మ వచ్చింది. కేబుల్‌ను అటు కదిపితే పోయింది. ఇటు కదిపితే వచ్చింది.

"నిన్న ఆవిడ పాడుచేసింది కదా, అదే," అన్నాడు ఉర్సుయా. "నీది లెక్కలోకి రాదులే ఫ్రెడీ. కొత్తది వచ్చాక మళ్ళీ నడుద్దువుగాని."

దానిత్సా తలుపు బయటే ఉంది. చోటు పోయినా పొద్దున్నే వచ్చి హాజరు వేయించుకుంటూనే ఉంది. "నాదెందుకు లెక్కలోకి వచ్చింది సార్?" అంది అక్కడి నుంచే.

"నువ్వు తొక్కావు కనక."

ఆమె ఉర్సుయాను చూడలేదు. నికానోర్‌ను చూసింది. ఆయన కేబుల్ కొస నోటి దగ్గర పెట్టుకుని లేని దుమ్మును ఊదుతున్నాడు.

"ఈ ఏడాది ఇది మూడోది మేస్త్రీ," అన్నాడు ఉర్సుయా. "ఈసారైనా గట్టిది చూసి తెండి."

"ఆ అంగడావిడ నాసిరకం అంటగడుతోంది."

"అయితే గట్టిగా అడగండి. మీకు అడగడం నేను నేర్పాలా?"

మూడు దాటాక రోజూ లేచే గాలి ఆ రోజూ లేచింది. రేకుల కప్పు టపటపలాడింది. తలుపు కింద నుంచి ఇసుక సన్నగా లోపలికి వచ్చి పసుపు గీత మీద పరుచుకుంది. నికానోర్ తెల్లదారం ఉండ ఒకటి తెచ్చి, కొస బల్లకాలికి కట్టి, మోకాళ్ళ మీద దారి వెంట కొలవసాగాడు. మలుపు దగ్గర దారం జారింది. వెనక్కి వెళ్ళి సర్దాడు. మళ్ళీ జారింది.

ఎవరో వచ్చి మలుపు దగ్గర కూర్చుని దారం మీద వేలు నొక్కి పట్టుకున్నారు. బూట్లు చూసి గుర్తుపట్టాడు. పన్నెండో అడుగు దాకా పాకి అక్కడ ముడి వేశాడు.

"నిలువు కూడా కలపాలి," అంది దానిత్సా. లేచి నిలబడి దారాన్ని తన తల వెనక్కి పట్టుకుంది. "జట్టులో అందరికంటే పొడుగు నేనే."

ఆయన మడమ దగ్గర నుంచి కొలిచాడు. ఇంకో ముడి వేశాడు. మనిషి వంగి లేవడానికి వదులుగా ఉండాలని ఒక బార కలిపాడు. మొత్తం ఎనిమిదిన్నర మీటర్లు తేలింది.

"ఇది మీ కోసం చెయ్యలేదు మేస్త్రీ గారూ," అందామె చేతులకు అంటిన ఇసుక దులుపుకుంటూ. "కొలత తక్కువైతే రేపు అదీ మామీదే పడుతుంది."

దారాన్ని ఆయన వేలికి చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున సంత పక్క సందులోని అంగడికి వెళ్ళాడు. నొయెమీ గల్లా బల్ల వెనక కూర్చుని రొట్టెలో పల్తా అనే అవకాడో పండు గుజ్జు పూసుకుని తింటోంది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు దారంతో మెడకు వేలాడుతోంది.

"రండి మేస్త్రీ. తిట్టడానికా, కొనడానికా?"

"రెండూ."

"అయితే ముందు తిట్టెయ్యండి. టీ చల్లారిపోతోంది నాది."

ఆయన పాత కేబుల్ చుట్టను గల్లా మీద పడేశాడు. "మూడోది. నెలన్నర కూడా ఆగలేదు. ఇలాంటివి అమ్ముకోవడానికి సిగ్గుండాలి."

"ఉంది, ఉంది. కొంచెం ఇంట్లో దాచుకుంటాను, అంతా అంగట్లోకి తేను." ఆమె రొట్టె పక్కన పెట్టి చేతులు గుడ్డకు తుడుచుకుంది. చుట్టను మాత్రం ముట్టలేదు. "ఈసారి ఎంత పొడుగు కావాలి?"

దారం తీసి చూపించాడు. గల్లా అంచుకు కొట్టిన మేకుల గుర్తుల మీద ఆమె ముడి నుంచి ముడికి కొలిచింది. "ఎనిమిదిన్నర. శుభ్రంగా కొలిచారు. ఎవరు పట్టుకున్నారు రెండో కొస?"

నికానోర్ దారాన్ని వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

ఆమె మూడు పెట్టెలు దించింది. మొదటి దాంట్లో చిటికెన వేలంత లావు కేబుల్. "ఇది రాగి. మూడు మీటర్ల దాకా దీనికి తిరుగులేదు. అది దాటితే లోపల బొమ్మ నీరసపడి చేరేలోపే చచ్చిపోతుంది."

"పదిమీటర్ల రాగి కూడా ఉంది కదా, అదిగో, ఆ పైన."

"ఉంది. అది ఫోన్ చార్జింగుకే. బొమ్మ ఒక్కటి కూడా నడవదు దాంట్లో. రెండింటికీ ముఖం ఒకటే, మీరూ నేనూ చూసి చెప్పలేం. సందు చివర అంగట్లో ఇదే హెడ్‌సెట్ కేబుల్ అని అమ్ముతాడు. నేనమ్మను. తిట్లు మాత్రం నాకే."

రెండో దాంట్లో ఐదు మీటర్లది, మధ్యలో అగ్గిపెట్టెంత బుడిపె. బుడిపె లోపల కూర్చున్నది అలిసిన బొమ్మకు బలమిచ్చి ముందుకు తోస్తుందట. రెండు తగిలిస్తే పది మీటర్లు. నికానోర్ టోపీ తీసి, వెనక పట్టీకి కేబుల్ కొస గుచ్చి, మళ్ళీ పెట్టుకుని, అంగట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. బుడిపె నేల మీద టకటక కొట్టుకుంటూ వెంట వచ్చింది. తల వెనక్కి లాగింది. బ్యాటరీలు కొనడానికి వచ్చిన ముసలావిడ దారి ఇచ్చి, "దీన్నెక్కడికి తోలుకుపోతున్నావు నాయనా?" అంది.

"ఇది లాభం లేదు," అన్నాడు నికానోర్.

"లేదు. పొగలో నడిచే మనిషిని ఎవరో వెనక్కి లాగినట్టుంటుంది. గోడ మీద పెట్టుకునే తెరలకు బాగుంటుంది, అంతే." మూడో పెట్టె విప్పింది. తాడులా సన్నగా, ఏ బరువూ లేకుండా ఉంది. ఆయన ఎరిగిందే. పాతవి మూడూ ఇలాంటివే. "పది మీటర్లకు ఇదొక్కటే దారి. లోపల గాజుపోగులు. వెంట్రుక కంటే సన్నం. బొమ్మ వెలుతురుగా మారి వీటిలోంచి వెళుతుంది. బాణం గుర్తు ఉన్న కొస హెడ్‌సెట్‌కు, లేని కొస కంప్యూటర్‌కు. తిరగేస్తే పనిచెయ్యదు."

"అది నాకు తెలుసు. నేనెప్పుడూ తిరగెయ్యలేదు."

"మీరు తిరగేశారని ఎవరన్నారు?"

అప్పుడామె పాత చుట్టను దగ్గరికి లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుంది. ముడి విప్పి, కేబుల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా జార్చసాగింది. ఒకచోట ఆగింది. సుద్దముక్కతో గుర్తు పెట్టింది. జార్చింది. ఆగింది. మళ్ళీ గుర్తు. ఆరేడు గుర్తులయ్యాక కేబుల్‌ను గల్లా మీద నిడివిగా పరిచింది. గుర్తులు ఒకదానికొకటి రెండు జానల దూరంలో ఉన్నాయి. అన్నీ అంతే.

"దీన్ని ఎవరు పాడుచేశారని చెప్పారు?"

"ఒకావిడ తొక్కింది. పరీక్షలో."

"తొక్కితే ఒకచోట నలుగుతుంది మేస్త్రీ. మహా అయితే రెండుచోట్ల. టేపు పెట్టి కొలుచుకుని ఇరవైచోట్ల తొక్కిందా ఆవిడ?"

నికానోర్ గుర్తులను చూశాడు.

"దీన్ని చుట్టేదెవరు?"

"నేను."

"ఎలా చుడతారో చుట్టండి చూస్తాను."

ఆయన ఎడమచెయ్యి ఎత్తాడు. బొటనవేలి సందున కొస పెట్టాడు. మోచేతి కిందుగా తిప్పి పైకి తెచ్చి లాగాడు. సుద్దగుర్తు ఒకటి సరిగ్గా మోచేతి ఎముక మీద కూర్చుంది. తరవాతిది బొటనవేలి మీద కూర్చుంది. ఇంకో చుట్టు తిప్పాడు. మోచేతి మీద గుర్తు, బొటనవేలి మీద గుర్తు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నొయెమీ గల్లా సొరుగు తెరిచింది. చిన్న చాకు తీసి ఒక గుర్తు దగ్గర నల్లతోలు నిలువునా చీల్చింది. చీలికలోంచి పోగు బయటికి లాగి తెల్లకాగితం మీద దులిపింది. ఉప్పురవ్వల్లాంటివి నాలుగు పడ్డాయి.

"గాజు. నలిపితే ఇంతే. ఒకసారికి విరగదు. రోజూ అక్కడే వంచుతుంటే సగం విరిగి వేలాడుతుంది. నిటారుగా ఉన్నంతసేపు వెలుతురు అవతలికి చేరుతుంది. మనిషి మలుపు తిరిగాడా, చీకటి." కొత్త కేబుల్ తీసి, చేతిని చాచి, అన్నంపళ్ళెమంత వెడల్పున వదులుగా ఒక చుట్టు వేసింది. మణికట్టు తిప్పి రెండోదాన్ని లోపలి నుంచి వేసింది. ఒకటి పైనుంచి, ఒకటి లోపలి నుంచి. "ఇలా. లాగకూడదు. ముడి వెయ్యకూడదు. మొదటిది తీసుకెళ్ళిన రోజునే చెప్పాను. నాకు కేబుల్ చుట్టడం ఒక ఆడది నేర్పుతుందా అన్నారు."

అన్నాడు. ఆయనకు గుర్తుంది.

"రాగిది తీసుకోండి పోనీ. మీ చేతికి అదే ఆగుతుంది," అంది ఆమె. ఎగతాళిగా అందో, జాలిగా అందో తెలియలేదు.

"గాజుదే ఇవ్వు," అన్నాడు. ఆమె వేసినట్టు ఒకటి పైనుంచి, ఒకటి లోపలి నుంచి చుట్టబోయాడు. మూడో చుట్టుకే మెలికపడింది. విప్పాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ముసలావిడ బ్యాటరీలు తీసుకుని వెళ్ళిపోయింది. ఐదోసారికి కుదిరింది. బయటికి వచ్చాక సందు మొదట్లో ఎండలో నిలబడ్డాడు. సోమవారం పదకొండింటికి తను ఎటు చూస్తున్నాడో గుర్తుచేసుకున్నాడు. తెరను చూస్తున్నాడు. తెర నల్లబడితే దానివంకే చూస్తూ ఉన్నాడు.

గురువారం ఉర్సుయా గదికి వెళ్ళి కూర్చోకుండానే చెప్పాడు. "కేబుల్ నా వల్ల విరిగింది. మోచేతికి చుట్టాను. ఆ అమ్మాయి వల్ల కాదు."

ఉర్సుయా చదువుతున్న కాగితం దించాడు. "ఎవరన్నారు?"

"నా మోచెయ్యే అంది."

"కూర్చోండి మేస్త్రీ. టీ తాగుతారా?" లేచి తలుపు వేసి వచ్చాడు. "చూడండి. అమ్మాయికి ఇంకో అవకాశం ఇద్దాం, దానికి నాకేమీ అడ్డం లేదు. కేబుల్ లోపంతోనే వచ్చిందని ఒక ముక్క రాసి సంతకం పెట్టండి. అంగడి వాళ్ళది తప్పు. అక్కడికి అయిపోయింది."

"అంగడావిడ తప్పు లేదు."

"అంగడికేం, వందమంది వస్తారు. మీరు చేశారని రాస్తే నేను మిమ్మల్ని ఆ గదిలో ఉంచలేను. అర్థమవుతోందా? అది కాక, మార్చిలో ముగ్గురు తప్పారు. ఆ రోజు కూడా తెర పోయిందన్నారు. మనం నమ్మలేదు. వాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళందరినీ ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

ఆ ముగ్గురి సంగతి నికానోర్‌కు అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఒకడు తన పక్క ఊరివాడే, చియు-చియు కారెట్ తోటల నుంచి వచ్చినవాడు. వెళ్ళేటప్పుడు కరచాలనం చేసి మరీ వెళ్ళాడు.

ఉర్సుయా కాగితం, పెన్ను ముందుకు తోశాడు. తొందరపెట్టలేదు. గడియారం మాత్రం చూసుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట ఆసుపత్రిలో ఒక గుమాస్తా ఆయన భార్య ఎర్లిందా కాగితం మీద 'ఆలస్యంగా తెచ్చారు' అని రాశాడు. ఆమెను చేతుల మీద పట్టుకుని నికానోర్ అప్పటికి ఐదుగంటలుగా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆ గుమాస్తా ముఖం ఆయన మరిచిపోలేదు. చెడ్డముఖం కాదు. పని ముగించుకుని భోజనానికి వెళ్ళాలనుకునే ముఖం.

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఊరి బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు. 'కేబుల్ మంచిదే. నేను మోచేతికి చుట్టినందువల్ల లోపలి గాజు విరిగింది. ఇంతకుముందువి రెండూ అలాగే. దానిత్సా కోల్కె తొక్కలేదు.' సంతకం పెట్టాడు.

ఉర్సుయా చదివి, నుదురు రుద్దుకుని, కాగితాన్ని సొరుగులో పెట్టాడు. "సోమవారం నుంచి గోదాములోకి వెళ్ళండి. బూట్లూ టోపీలూ లెక్కచూసుకోండి. అక్కడ విరిగేవి ఉండవు." సొరుగు మూసి, "మీకోసమే చెప్పాను మేస్త్రీ," అన్నాడు.

"తెలుసు."

శుక్రవారం పదింటికి దానిత్సాను పిలిచారు. అసలు కారణం ఎవరూ చెప్పలేదు. కేబుల్ కొత్తది కనక మళ్ళీ పెడుతున్నామని ఉర్సుయా అన్నాడు. ఫ్రెడీ ముందు వెళ్ళి వచ్చాడు. తలుపు చేరాడు. పొగలో పాట కూడా పాడాడు.

నికానోర్ కేబుల్ రెండో కొసను కంప్యూటర్‌కు గుచ్చాక తెర ముందు కూర్చోలేదు. గోడవారగా నిలబడి ఆమె కాళ్ళను చూశాడు. ఒకటి, రెండు, మూడు. కేబుల్ ఆమె భుజం మీద నుంచి వెనక నేల మీదికి వదులుగా జారుతోంది. నాలుగు. ఐదు. ఆరో అడుగు దగ్గర ఆమె ఆగింది. కుడిచెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. బొమ్మ ఉందో లేదో అడగాలని నికానోర్‌కు నోటిదాకా వచ్చింది. అడగకూడదు. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది, ఎడమకు తిరిగింది. బూటు మడమ కేబుల్‌కు బెత్తెడు దూరంలో దిగింది. పదకొండో అడుగు దగ్గర చేత్తో తడిమి, వంగి, లేని గడియను పైకి ఎత్తింది.

"చేరింది," అన్నాడు ఉర్సుయా. రాశాడు. సోమవారం దిగేవాళ్ళ జాబితా మీద ఆమె పేరు చేర్చి, తలుపుకు అంటించడానికి బయటికి వెళ్ళాడు.

దానిత్సా హెడ్‌సెట్ తీసింది. ముఖం మీద పట్టీ ముద్ర ఎర్రగా పడింది. చెమట తుడుచుకోలేదు. గదిలో ఇద్దరే మిగిలారు. నికానోర్ కేబుల్ చుడుతున్నాడు, పళ్ళెమంత చుట్లు, ఒకటి పైనుంచి, ఒకటి లోపలి నుంచి.

"మీరు ఏదో రాసిచ్చారట. ఉర్సుయా సార్ దగ్గర పనిచేసే అమ్మాయి చెప్పింది," అంది.

"ఊఁ."

"ఏం రాశారు?"

"విరిచింది నేనని రాశాను."

"అది సరే. సోమవారం చూశానన్నారు. ఏం చూశారు?"

చుట్టు చేతిలోంచి జారింది. ఆయన మళ్ళీ పట్టుకున్నాడు.

"ఆ రోజు గది నిండా జనం ఉన్నారు మేస్త్రీ గారూ. అందరి ముందూ చెప్పారు. నాలుగు రోజులుగా భోజనాల గదిలో నా కంచం దగ్గరికి ఎవరొచ్చినా కాళ్ళు జాగ్రత్త అంటున్నారు. రేపు కింద, నేను నడిపే బండి పక్కన నిలబడాల్సినవాళ్ళు వాళ్ళే. మీ కాగితమేమో సొరుగులో పడుంది." గొంతు పెంచలేదు. బల్ల మీద హెడ్‌సెట్ పట్టీ మడుస్తూ చెప్పింది. "మీకు దణ్ణం పెట్టి వెళతాననుకున్నారేమో. పెట్టను."

"పెట్టమనలేదు."

"మిమ్మల్ని క్షమించను కూడా."

నికానోర్ తల ఊపాడు. ఆమె స్థానంలో ఉంటే తనూ క్షమించడు. ఆ సంగతి ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

మధ్యాహ్నం భోజనాల గదిలో కసుయెలా అనే పులుసు పెట్టారు. గుమ్మడిముక్క, మొక్కజొన్న ముక్క, ఎముకతో మాంసం. పొగలు కక్కుతోంది. జట్టు అంతా రెండు పొడుగు బల్లల దగ్గర కూర్చుంది. ఫ్రెడీ, "జరగండి, జరగండి, దానిత్సా వస్తోంది, కాళ్ళు లోపల పెట్టుకోండి," అన్నాడు. నవ్వారు. ఆమె బల్ల చివర కూర్చుని రొట్టె తుంచుకుంది.

నికానోర్ గిన్నె తెచ్చుకోలేదు. బల్లల మధ్య వచ్చి నిలబడ్డాడు. టోపీ తీశాడు. ఎప్పుడూ మూలబల్ల దగ్గర ఒక్కడే తినే మనిషి అలా నిలబడేసరికి ఒక్కొక్కరే చెంచాలు ఆపారు. వంటగదిలో నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడింది.

"సోమవారం ఈవిడ కేబుల్ తొక్కిందని చెప్పాను," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. "సోమవారం ఈవిడ కేబుల్ తొక్కిందని చెప్పాను. తొక్కలేదు. ఆ కేబుల్ విరిచింది నేను. రోజూ మోచేతికి చుట్టి విరిచాను."

"అయ్యో, పోనీలెండి మేస్త్రీ, ఎవరికైనా..." అన్నాడు ఫ్రెడీ.

"నువ్వాగు. ఇంకా ఉంది." టోపీ అంచు వేళ్ళతో నలిపాడు. "ఆవిడ తొక్కడం చూశానన్నాను. నేను చూడలేదు. నేను తెర వంక చూస్తున్నాను. చూడకుండానే చూశానని చెప్పాను. మార్చిలో వెళ్ళిపోయిన ముగ్గురు అబద్ధమాడుతున్నారని కూడా నేనే అన్నాను. వాళ్ళు ఆడలేదు."

ఫ్రెడీ గిన్నెలోకి చూస్తున్నాడు. రెండో ఆడమనిషి తన గిన్నె తీసుకుని లేచి, దానిత్సా పక్కకు వెళ్ళి కూర్చుంది. దానిత్సా తలెత్తలేదు. మొక్కజొన్న ముక్కను చేత్తో పట్టుకుని నెమ్మదిగా తింటోంది.

నికానోర్ టోపీ పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాడు. వెనక నుంచి ఎవరో, "మేస్త్రీ, ఒక్క మాట. అసలు ఎందుకలా చెప్పారు?" అని అడిగారు. అందులో ఎగతాళి లేదు.

ఆయన తిరగలేదు.

"చెప్పాల్సింది చెప్పాను. ఇంక ఆ సంగతి నన్ను ఎవరూ అడగొద్దు. అడిగినా చెప్పను," అన్నాడు. తరవాత ఆయన గోదాములో ఆరేళ్ళు పనిచేశాడు. ఎందరు ఎన్ని రకాలుగా అడిగినా చెప్పలేదు.